బోరు నీళ్లకు జవాబు అడిగిన మనిషి

హాల్లో ఉన్నవాళ్లు, ఉన్నవి: వేదిక మీద ఐదుగురు, అందులో ముగ్గురు అధికారులు, ఒక ప్రొఫెసరు, మద్రాసు నుంచి వచ్చిన ఒక సలహాదారు. కింద నలభై రెండు కుర్చీలు, నిండినవి ముప్పై ఆరు. ప్రతి కుర్చీలో ఒక ఫైలు, ఒక పెన్ను, ఒక నీళ్ల సీసా. రెండు ఏసీలు, పనిచేసేది ఒకటి. ఒక ప్రొజెక్టరు. వెనక గోడకు బ్యానరు: స్థానిక ప్రభుత్వాలు, అంతర్జాతీయ సంబంధాలు, అభివృద్ధి. ఓట్లు అడిగి గెలిచినవాళ్లు, అంటే ఒక పంచాయతీ అధ్యక్షుడు గానీ ఒక వార్డు సభ్యురాలు గానీ, ఎవరూ లేరు. నేను రెండుసార్లు లెక్కపెట్టి చూశాను.

ఇది 2007లో, విరుదునగర్‌లో. నీటి పైపుల సర్వే చేసే ఒక చిన్న కంపెనీలో నేను పని చేస్తున్నాను. కంపెనీ తరఫున ఎవరో ఒకరు వెళ్లాలి కాబట్టి నన్ను పంపారు. కాఫీ వేళ దాకా కూర్చుని సంతకం పెట్టి వచ్చేద్దామనుకున్నాను.

సలహాదారు వరసగా స్లైడులు వేస్తున్నాడు. ఒక ఐరోపా పట్టణపు కౌన్సిలు మన జిల్లాలో ఒక పల్లెతో స్నేహం కలుపుకుందట. దేశంతో దేశం కాదు, ఊరితో ఊరు. ఇలాంటివి ఇంకా రావాలట. ఆ మాట అంటూ ఫొటో వేశాడు. ఒక ఆడమనిషి కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో పచ్చ రంగు ప్లాస్టిక్ కుడం, అంటే నీళ్ల బిందె. రెండు చేతులూ కుడం మూతి మీద. కింద ఇంగ్లీషులో ఒక వాక్యం: భాగస్వామ్యం వల్ల నీరు పొందిన లబ్ధిదారు.

నేను లేచి నిలబడ్డాను. "సార్, ఆమె లబ్ధిదారు కాదు. ఆ పంచాయతీకి అధ్యక్షురాలు. ఆ స్నేహం కలిపిందే ఆమె. ఆ కుడంలో నీళ్లు లేవు" అన్నాను తమిళంలో.

"అలాగా, చాలా సంతోషం. తర్వాతి కూర్పులో సరిచేస్తాము" అన్నాడు సలహాదారు. తర్వాతి స్లైడు వేశాడు. అందులో ఒక పట్టిక ఉంది. అందరూ పట్టిక రాసుకున్నారు.

ఆమె చనిపోయి అప్పటికి ఏడాది దాటింది.

ఆమె పేరు రాయను. పేరు రాస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే ఇవాళ్టికీ అక్కడ బతుకుతున్నవాళ్లకు ఇబ్బంది. మా ఊరు రెండు జిల్లాల అంచున ఉంది. సరుకుకు కోవిల్‌పట్టి పోతాము, సంతకానికి విరుదునగర్ పోతాము. మా వీధిలో అందరమూ ఇంట్లో తెలుగు, వీధి దాటితే తమిళం. ఆమె ఇల్లు మా ఇంటికి మూడోది. వరసకు నాకు అత్త.

ఇరవై ఏళ్లు అగ్గిపుల్లల పని చేసింది. మా వైపు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని తీపెట్టి ఆపీసు అంటారు. రేకుల షెడ్డయినా ఆపీసే. సన్నటి పుల్లలను ఒక్కొక్కటిగా చెక్క చట్టంలోని గాడుల్లో అమర్చాలి. ఒక్క పుల్ల ఎత్తుగా నిలబడితే మందులో ముంచేటప్పుడు చట్టమంతా పాడవుతుంది. అందుకని చట్టం నిండగానే దాన్ని నాలుగు పక్కలా తట్టి సరిచేస్తారు. ఆ అలవాటు ఆమె చేతుల నుంచి పోలేదు. ఏ కాగితం ఇచ్చినా ముందు దాన్ని బల్ల మీద నిలబెట్టి నాలుగు అంచులూ తట్టేది. ఒకే ఒక్క కాగితమైనా సరే. అధికారులు దీన్ని చూసి నవ్వుకునేవారు. నవ్వనీ అని ఇంకోసారి తట్టేది.

1996లో మా పంచాయతీ అధ్యక్ష స్థానం మొదటిసారి మా కులంలో ఆడవాళ్లకు కేటాయించారు. పెద్ద వీధివాళ్లు తమ చేలో కూలికి వచ్చే ఒకామెను నిలబెట్టారు. మా వీధివాళ్లం ఈమెను నిలబెట్టాము. ఈమె గెలిచింది. ఉపాధ్యక్ష పదవి పెద్ద వీధికి పోయింది, పంచాయతీ ఆఫీసు తాళంచెవి కూడా ఆ ఉపాధ్యక్షుడి మొలతాడుకే పోయింది. ఐదేళ్లలో ఆ గది ఆమె కోసం తెరిచింది నాకు తెలిసి మూడుసార్లు, మూడుసార్లూ జెండా తీయడానికే. కాబట్టి మా పంచాయతీ ఆఫీసు ఆమె వైరు బుట్టలో ఉండేది. అందులో రబ్బరు స్టాంపు, దాని ఇంకు పెట్టె, తీర్మానాల పుస్తకం, గుడ్డలో చుట్టిన కళ్లజోడు, ఒక వేరుశనగ మిఠాయి పొట్లం. మిఠాయి ఎందుకంటే ఆఫీసుల్లో ఎంతసేపు కూర్చోబెడతారో తెలియదు కదా అనేది.

మా వీధివాళ్లు పెద్ద వీధి మగవాళ్లను సామీ అని పిలవాలి. ప్రమాణం చేసిన రోజు నుంచి ఆమె అందరినీ సార్ అనడం మొదలుపెట్టింది. ఉపాధ్యక్షుడిని కూడా. అది ఆయనకు ఎంత కోపం తెప్పించిందో చెప్పలేను. తిడితే ఏదో అనవచ్చు, సార్ అంటే ఏమంటాడు?

ఇంకొకటి. ఎవరేం చెప్పినా, "రాసి ఇస్తారా?" అని అడిగేది. బస్సు రేపటి నుంచి మన ఊరికి రాదు అని కండక్టరు చెబితే, "రాసి ఇస్తారా?" జ్వరం మూడు రోజుల్లో తగ్గుతుంది అని కాంపౌండరు చెబితే, "రాసి ఇస్తారా?" ఊళ్లో చాలామంది దాన్ని ఆమెను ఆటపట్టించడానికి వాడుకునేవారు. తనకు చదువు వయోజన తరగతిలో పట్టుబడిన నాలుగు తమిళ అక్షరాలే. కానీ రాసినదానికి ఉన్న బరువు ఎంతో, చదివిన నాకంటే ఆమెకు బాగా తెలుసు.

ఈ అలవాటు నీళ్లతో ముదిరింది. మా వీధికి పంచాయతీ కుళాయి ఎనిమిది రోజులకు ఒకసారి వచ్చేది. మిగతా ఏడు రోజులూ వీధి చివర చేతిపంపు బోరే. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు. ముసలివాళ్లకు మోకాళ్లు వంగవు. నీళ్లదోషమని కొందరు, పళ్లపొడి దోషమని కొందరు. అధ్యక్షురాలయిన కొత్తలో ఒక సీసాలో ఆ నీళ్లు పట్టుకుని పై ఆఫీసుకు వెళ్లింది. ఏ ఆఫీసో చెప్పను. పది రోజుల తర్వాత వెళితే, "నీళ్లు బాగానే ఉన్నాయమ్మా, తాగండి" అన్నారు. రాసి ఇవ్వమంది. ఇవ్వలేదు. మళ్లీ వెళ్లింది, ఇవ్వలేదు. నాలుగోసారి సీసానే పారేశారని తెలిసింది.

ఆ ఏడాదే ఆ ఐరోపా పట్టణం నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ల ఊరి మనిషి ఒకడు కోవిల్‌పట్టిలో ఒక చర్చి పని మీద వచ్చి, చుట్టుపక్కల మూడు పంచాయతీల చిరునామాలు రాసుకుపోయాడట. వాళ్ల కౌన్సిలు ఆ మూడింటికీ రాసింది: మీతో పరిచయం చేసుకోవాలని ఉంది, మీ దగ్గర నేర్చుకోవాలని, మాకు తెలిసింది చెప్పాలని. జవాబు ఇచ్చింది మేమొక్కరమే. నేను అప్పుడే పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా ముగించి పని లేక తిరుగుతున్నాను. నన్ను పిలిచింది.

"ఏమిరా ఇంజినీరూ, కాలేజీలో ఇంగిలీసు సెప్పించినారా లేదా?"

"కొంచెం వస్తాది అత్తా."

"కొంచెము సాలు. వాళ్లకీ అది సొంత బాస కాదంట గదా. ఇద్దురూ తప్పు తప్పుగా మాట్లాడుకుందాము."

ఉత్తరం ముగించాక, ఊరి తరఫున ఏదైనా పంపాలంది. మా ఊళ్లో తయారయ్యేది ఒకటే. ఇరవై అగ్గిపెట్టెలు, కోడిపుంజు బొమ్మవి, చీర ముక్కలో కుట్టి, కోవిల్‌పట్టి పోస్టాఫీసుకు తీసుకెళ్లాము. కౌంటరు దగ్గర గుమాస్తా మూట ఊపి చూశాడు. గలగలమంది.

"ఏముందమ్మా ఇందులో?"

"తీపెట్టి సార్. పరదేసానికి."

ఆయన రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "ఊరంతా చేసేది అదే, అది పోస్టులో పంపకూడదని ఊళ్లో ఒక్కరికీ తెలియదా? విమానం అంటుకుంటే ఎవరు బాధ్యులు? నువ్వా, నేనా?"

నా చెవులు వేడెక్కాయి. డిప్లొమా చదివినవాణ్ని, నాకూ తట్టలేదు. పుట్టినప్పటి నుంచీ వాటి మధ్యే ఉన్నవాళ్లం, మా కళ్లకు అవి నిప్పు కాదు, పని. ఆమె మాత్రం సిగ్గుపడలేదు. అక్కడే నేల మీద కూర్చుని కుట్లు విప్పింది. ఇరవై పెట్టెల పుల్లలూ వైరు బుట్టలోకి ఒంపి, ఖాళీ పెట్టెలు మళ్లీ కుట్టింది. "ఇప్పుడు అంటుకోదు గదా సార్?" అంది. వరసలో నిలబడినవాళ్లతో పాటు గుమాస్తా కూడా నవ్వి ముద్ర వేశాడు.

రెండు నెలలకు తొమ్మిది పెట్టెలు తిరిగి వచ్చాయి. వాళ్ల కౌన్సిలు సభ్యులు తలా ఒక పెట్టెలో ఒక చీటీ పెట్టి పంపారు. ప్రతి చీటీలో ఒక ప్రశ్న. మీ ఊళ్లో నీళ్ల పంపకం ఎవరు నిర్ణయిస్తారు? సమావేశానికి ఎవరెవరు వస్తారు? చెత్త ఎవరు ఎత్తుతారు? ఆమె ఒక్కొక్క చీటీనీ అంచులు తట్టి, అరుగు మీద వరసగా పేర్చి, తొమ్మిదింటికీ జవాబు చెప్పింది. ప్రతి జవాబు చివరా తన ప్రశ్న ఒకటి పెట్టించింది. "చెత్త మా వీధివాళ్లు ఎత్తుతారు, పెద్ద వీధిది కూడా. మీ దగ్గర ఎత్తేవాళ్లు కౌన్సిల్లో ఉండారా? రాయి." నేను కొంచెం మెత్తగా రాశాను. చదివించుకుని, "ఇది నేను సెప్పింది కాదు గదా" అని కొట్టేయించింది.

అలా ఏడాదిన్నర. పెద్ద వీధివాళ్లు, విదేశీ దొరలతో దీనికేం పని, ఢిల్లీ చూసుకునే వ్యవహారం కదా అనేవారు. ఆమె జవాబు ఒకటే. "డిల్లీ డిల్లీతో మాట్లాడనీ సార్. ఊరు ఊరితో మాట్లాడితే తప్పా?"

1999 మొదట్లో వాళ్లు వచ్చారు. పొడుగ్గా, తల మీద గడ్డి టోపీతో వాళ్ల మేయరు, వాళ్ల నీటి సరఫరా ఇంజినీరు ఒకామె, ఇంకా ఇద్దరు. వస్తున్నారని తెలిసిన మరుక్షణం, అంతవరకు మా ఊరు ఎక్కడుందో అడగనివాళ్లంతా వచ్చారు. బడి ముందు పందిరి వేశారు. వేదిక మీద కుర్చీలు ఎనిమిది. నలుగురు అతిథులకు నాలుగు, పై ఆఫీసు అధికారికి ఒకటి, ఆయన కింది అధికారికి ఒకటి, ఉపాధ్యక్షుడికి ఒకటి, కాంట్రాక్టరుకు ఒకటి. అధ్యక్షురాలికి లేదు. హారతి పళ్లెం పట్టుకుని వేదిక పక్కన నిలబడమన్నారు.

ఆమె పళ్లెం ఎవరి చేతిలోనో పెట్టి వెళ్లిపోయింది. కోపంతో ఇంటికి పోయిందనుకున్నాను. మూడు నిమిషాల్లో తిరిగి వచ్చింది, చంకలో పచ్చ కుడంతో. అధికారి ఇంకా కూర్చోలేదు, ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మేయరు పక్కన ఆ అధికారి కోసం ఉంచిన కుర్చీ మీద కుడం పెట్టి కిందికి దిగింది.

మా వైపు నీళ్ల వరస గురించి ఇక్కడ చెప్పాలి. బోరు దగ్గర మనిషి నిలబడనక్కరలేదు. కుడం పెట్టిపోతే చాలు, కుడమే మనిషి. చేనికి పోయి రావచ్చు, పిల్లకు పాలిచ్చి రావచ్చు. వరసలో ఉన్న కుడాన్ని ఇంకొకరు కదపకూడదు. కదిపినదానితో వీధి మొత్తం నెలరోజులు మాట్లాడదు. ఇది పెద్ద వీధిలోనూ ఉంది, మా వీధిలోనూ ఉంది. రెండు వీధులకూ కలిసి ఉన్న ధర్మం బహుశా ఇదొక్కటే.

అధికారి కుడాన్ని చూశాడు. "ఎవరిది? తియ్యండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. గ్రామ తలారిని పిలిచి తీయమన్నాడు. తలారి పెద్ద వీధి మనిషే. ఆయన చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, కుడం వరసలో పెట్టేసింది. నేను తీస్తే ఇంట్లో నాకు కూడు పెట్టరు."

ఉపాధ్యక్షుడు లేచాడు. ఆయన ఇంటి వెనక సొంత బోరు, ఆయనకు వరసతో పని లేదు. కుడం దాకా వెళ్లాడు. పందిరి కింద కూర్చున్న ఆడవాళ్లు, మా వీధివాళ్లూ పెద్ద వీధివాళ్లూ, ఒక్కసారిగా మాటలు ఆపారు. ఆయన చెయ్యి అక్కడే ఆగింది. మైకు సరిచేస్తున్నట్టు చేసి తిరిగి వచ్చి కూర్చున్నాడు.

మేయరు నన్ను అడిగాడు, ఏమిటిది అని. నేను నా కొంచెం ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తలూపి, లేచి, తల మీది టోపీ తీసి తన కుర్చీ మీద పెట్టి, వేదిక దిగి వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆడవాళ్లు ఎంత నవ్వారంటే పందిరి గుంజ మీది కాకులు లేచిపోయాయి. బడిలోంచి ఒక బెంచీ తెచ్చి అధికారికి వేశారు. అప్పుడు ఆమె మేయరును తీసుకుని పైకి వెళ్లింది, తన కుడాన్ని తనే ఎత్తింది, కుర్చీలో కూర్చుని దాన్ని ఒళ్లో పెట్టుకుంది. సభ ముగిసేదాకా దించలేదు. దించితే కుర్చీ పోతుందని ఆమె అనుకున్నది. సరిగ్గానే అనుకుంది. ఫొటో తీసింది అప్పుడే.

సభ తర్వాత ఆ ఇంజినీరమ్మను బోరు దగ్గరికి తీసుకుపోయింది. ఇంజినీరమ్మ రెండు సీసాల్లో నీళ్లు పట్టింది. పిల్లలను నోళ్లు తెరవమని పళ్లు చూసింది.

"ఈ నీల్లు తాగొచ్చునా కూడదా? ఈ యమ్మను అడుగు" అంది అత్త నాతో.

చూడకుండా చెప్పలేను, మా లాబొరేటరీలో పరీక్ష చేసి రాస్తాను అంది ఆమె.

"రాసి ఇస్తాదా? సంతకము పెట్టి? నా పేరుకు?"

రాసిస్తాను, సంతకం పెట్టి, మీ పేరుకే అంది ఇంజినీరమ్మ. సీసా మీది చీటీలో ఊరి పేరు కింద అత్త పేరు కూడా రాసుకుంది. అత్త ఆ చీటీని వేలితో నొక్కి అతికించింది. ఆ రోజు వెలిగినట్టు ఆమె మొహం వెలగడం ఇంకెప్పుడూ నేను చూడలేదు.

నెల తిరక్కుండా పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. గ్రామ పంచాయతీ నేరుగా విదేశీ సంస్థలతో ఉత్తరాలు నడపడం పద్ధతి కాదు. ఇకపై అన్ని ఉత్తరాలూ మా ద్వారా నడవాలి. ఆ పట్టణం వారు ఇకపై మా చిరునామాకే రాయాలని కోరుతూ అధ్యక్షురాలు సంతకం చేసి పంపాలి. లేకపోతే ఈ సంబంధం రద్దు. ఎవరు రద్దు చేస్తారో, ఏ చట్టం ప్రకారమో అందులో లేదు. నేను వెతికాను. అంచులు తట్టి ఆమె కూడా చాలాసేపు చూసింది.

"ఇంజినీరూ, నే దీనికి ఒప్పుకుంటే నీల్ల కాయితము నాకు వస్తాదా రాదా?"

"వస్తాది అత్తా. ఆఫీసుకి వచ్చి అక్కడినుంచి మనకి వస్తాది. గవుర్మెంటు గదా, ఏం చేసుకుంటారు దాన్ని?"

"నువ్వు రాసి ఇస్తావా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. కోవిల్‌పట్టిలో టైపు సెంటరుకు వెళ్లి ఆ ఉత్తరం టైపు చేసింది నేనే. ఆరు వాక్యాలు. ఎక్కడ సంతకం పెట్టాలో పెన్సిలుతో గుర్తు పెట్టింది కూడా నేనే.

ఆ వేసవిలో నలుగురు ఆ పట్టణానికి స్నేహయాత్ర వెళ్లారు. అధికారి, కింది అధికారి, ఉపాధ్యక్షుడు, కాంట్రాక్టరు. ఆమెకు పాస్‌పోర్టు లేదు కదా అన్నారు. ఆ ఉపాధ్యక్షుడికీ లేదు. మూడు వారాల్లో తెచ్చుకున్నాడు. తిరిగి వచ్చాక కూడలిలో ఒక తోరణం కట్టారు, రెండు ఊళ్ల పేర్లతో. దాని కిందనుంచే మా ఆడవాళ్లు బోరుకు వెళ్లేవారు.

కాగితం రాలేదు. వారం విడిచి వారం, అర్జీలు తీసుకునే సోమవారాల్లో, ఆమె మొదటి బస్సులో ఆ ఆఫీసుకు వెళ్లేది. రెండుసార్లు నేనూ వెళ్లాను. గుమాస్తా తల ఎత్తేవాడు కాదు.

"ఏమీ రాలేదమ్మా."

"రాలేదని రాసి ఇయ్యండి సార్."

"రానిదానికి ఎలా రాసిస్తారమ్మా? వస్తే గదా రాసేది!"

పక్క బల్లలవాళ్లు నవ్వేవారు. ఆమె బెంచీ మీద కూర్చుని మిఠాయి విప్పి నాకు సగం ఇచ్చేది. మధ్యాహ్నం ఇంకోసారి అడిగేది. సాయంత్రం బస్సు ఎక్కేది.

నేరుగా ఆ ఊరికే రెండు ఉత్తరాలు రాశాము. జవాబు లేదు. నేను విసుగుపడి, "వాళ్లంతే అత్తా. వచ్చినారు, ఫొటో తీసుకున్నారు, మరిచిపోయినారు" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "ఆ యమ్మ నా పేరు రాసుకున్నాది రా. మరవదు." మదురై పోయి ఏదైనా ప్రైవేటు లాబొరేటరీలో ఆ నీళ్లు పరీక్ష చేయించవచ్చు. సీసాడు నీళ్లు, ఒక బస్సు టికెట్టు. సివిల్ చదివిన నాకు ఈ ఆలోచన రాలేదు. ఆమె నమ్మినట్టే నేనూ కాగితం ఎక్కడి నుంచో రావాలని ఎదురుచూశాను, ఆమె కంటే తక్కువ ఓపికతో.

2000లో నాకు నెల్లూరు దగ్గర ఒక సైటులో పని దొరికింది. తెలుగు చదవడం, రాయడం అక్కడే నేర్చుకున్నాను. మరుసటి ఏడాది ఎన్నికల్లో ఆమె ఓడిపోయింది. అయినా ఆఫీసుకు పోవడం మానలేదని మా అమ్మ ఫోనులో చెప్పేది. పదవి పోయాక ఆ గుమాస్తా ఆమెను బెంచీ మీద కూడా కూర్చోనివ్వలేదట. 2006లో చనిపోయింది. ఆ నీళ్లవల్ల చనిపోయిందని రాస్తే బాగుంటుంది గానీ అది అబద్ధం. అగ్గిమందు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుంది. నేను చావుకు వెళ్లలేకపోయాను.

విరుదునగర్ హాలు నుంచి బయటపడిన మరుసటి వారం సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. ఆ స్నేహ సంబంధానికి చెందిన ఫైలు మొత్తం, మొదటి పుట నుంచి చివరి పుట దాకా. చట్టం వచ్చి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు, భయమో ఏమో, గడువులోపలే జిరాక్సులు ఇచ్చారు. నూట పద్దెనిమిది పుటలు. ఇంటికి తెచ్చి నేల మీద వరసగా పరిచాను.

ఆమె పేరు మీద వచ్చిన ఉత్తరాలు అందులో ఉన్నాయి. మేము నేరుగా రాసిన రెండింటికీ జవాబులు ఉన్నాయి. చిరునామా మార్చమని సంతకం పెట్టింది ఆమే కాబట్టి, పద్ధతి తెలిసిన ఆ ఊరివాళ్లు పద్ధతి ప్రకారం ఆఫీసుకే పంపారు. మీరు యాత్రకు ఎందుకు రాలేదు, ఒంట్లో బాగా లేదని మీవాళ్లు చెప్పారు, ఇప్పుడెలా ఉంది అని మేయరు అడిగాడు. ఆమెకు ఆ వేసవిలో తలనొప్పి కూడా రాలేదు.

ఇరవై మూడో పుట ఇంజినీరమ్మ రాసిన ఉత్తరం. తర్వాతి రెండు పుటలు పరీక్ష నివేదిక, సంతకంతో, ముద్రతో. మీరు అడిగినట్టే మీ పేరుకు రాసి పంపుతున్నాను అని మొదలైంది. ఆ బోరు నీటిలో ఫ్లోరైడు ఉండాల్సిన హద్దుకు రెండింతలు దాటి ఉందని, పిల్లల పళ్లకు, పెద్దల ఎముకలకు అదే కారణం కావచ్చని, తాగడానికీ వంటకూ ఆ నీళ్లు ఈ రోజు నుంచే ఆపాలని, అందాక వేరే నీళ్లు ఎలా తేవచ్చో నాలుగు మార్గాలు వివరంగా రాసింది. నాలుగింటిలో మూడు మా ఊళ్లో ఖర్చు లేకుండా చేయగలిగినవి. ఉత్తరం పైన ఆఫీసుకు చేరిన తేదీ ముద్ర. అంచున, అధికారులు వాడే ఆకుపచ్చ సిరాతో ఒకే మాట: ఫైలు.

ఆ ముద్ర తేదీ, నలుగురూ యాత్రకు విమానం ఎక్కడానికి నెల ముందుది. అంటే ఆ ఊరి బల్ల దగ్గర కూర్చుని, ఆ ఇంజినీరమ్మతో చేతులు కలిపి భోజనం చేసినవాళ్లలో ఒకరైనా దీన్ని చదివే వెళ్లారు. అజ్ఞానం అని సరిపెట్టుకోవడానికి నాకు వీలు లేదు. ఎవరైనా ఒక్కరు, ఒక్క గుమాస్తా, ఒక తపాలా బిళ్ల అతికించి ఈ మూడు పుటలూ మా ఊరికి పంపి ఉంటే సరిపోయేది. దానికి ఏ దేశం అనుమతీ అక్కరలేదు. ఆమె అన్ని సోమవారాలు కూర్చున్న బెంచీకి ఆ బీరువా ఎంత దూరమో నాకు తెలుసు. పన్నెండు అడుగులు.

ఆ ఆదివారం ఊరికి వెళ్లి బోరు దగ్గర నిలబడి మూడు పుటలూ చదివాను, ముందు ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టుగా, తర్వాత మా మాటల్లో. వరసలో పదిహేడు కుడాలున్నాయి. అంతా విన్నాక ఒక ముసలామె అడిగింది.

"ఈ కాయితము ఎప్పుడొచ్చిందప్పా?"

చెప్పాను.

"అప్పుటికి నా మనవడు పుట్టనే లేదే" అంది. పక్కనున్న పిల్లవాడి గడ్డం పట్టుకుని నా వైపు తిప్పింది. వాడు నోరు మూసుకున్నాడు.

ఎవరూ ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఒకామె ఇంటికి పోయి స్పానరు తెచ్చింది. పంపు హ్యాండిలు బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి, నలుగురం పట్టి తిప్పితే గానీ కదల్లేదు. హ్యాండిలు ఊడాక, పదిహేడు మందీ తమ తమ కుడాలు తామే ఎత్తుకుని వెళ్లిపోయారు.

ఉత్తరం మీది ముద్ర తేదీ నుంచి ఆ ఆదివారం దాకా లెక్క వేశాను. మూడు వేల యాభై రెండు రోజులు.